‘ప్రొవోక్’ పక్కన ఏ మాట పెట్టాలి? తప్పు పోకుండా రాయడం ఎలా

ఐఈఎల్‌టీఎస్‌కి చదివేవాళ్లు, గ్రూప్‌-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ రాసేవాళ్లు, ఆఫీసులో రోజూ మెయిల్స్ పెట్టేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే. ప్రొవోక్, ఎవోక్, అరౌజ్, ఎలిసిట్, ట్రిగర్... డిక్షనరీ తీస్తే అన్నింటి ఎదురుగా ‘కలిగించు, పుట్టించు, రేకెత్తించు’ అనే ఉంటుంది, మరి ఏది ఎక్కడ పెట్టాలి అని. వాక్యంలో గ్రామర్ బాగానే ఉంటుంది, స్పెల్లింగూ బాగానే ఉంటుంది, అయినా దిద్దేవాళ్లు కింద ఎర్ర గీత గీసి వదిలేస్తారు, ఎందుకో చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రొవోక్‌నే మధ్యలో పెట్టుకుందాం, మనవాళ్లు ఎక్కువగా తప్పు చోట వాడేది దాన్నే కాబట్టి. మిగతావి దాని చుట్టూ అవే వస్తాయి.

థియరీ కొంచెమే చెబుతాను. మనం ఆకలి ‘వేసింది’ అంటాం, నిద్ర ‘వచ్చింది’ అంటాం. ‘నిద్ర వేసింది’ అని ఎవరైనా అంటే అర్థమవుతుంది గానీ చెవికి తేడా కొడుతుంది. అలాగే కోపం తెప్పిస్తాం, నవ్వు పుట్టిస్తాం, అనుమానం కలిగిస్తాం, వివాదం రేపుతాం. ఏ మాటకి ఏ క్రియ జత కుదురుతుందో మనకి చిన్నప్పటి నుంచీ నోటికి అలవాటు. ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి జతలున్నాయి, వాటినే కొలొకేషన్ అంటారు. చిక్కేమిటంటే మన జతలూ వాళ్ల జతలూ ఒకదానికొకటి సరిపోవు.

ఏమేం కావాలి

మీరు ఈ మధ్య రాసిన ఇంగ్లిష్ పేరాలు రెండో మూడో దగ్గర పెట్టుకోండి. వ్యాసమైనా సరే, మెయిల్ అయినా సరే. సొంత రాత లేకుండా ఊరికే లిస్టు బట్టీ కొడితే వారంలో పోతుంది.

ఒక ఇంగ్లిష్-ఇంగ్లిష్ లెర్నర్స్ డిక్షనరీ కావాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్లవి ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువుని మాత్రం ఈ పనికి పక్కన పెట్టండి. అది అర్థం చెబుతుంది, పక్కన ఏ మాట పడుతుందో చెప్పదు.

గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ కావాలి, పుస్తకాల్లో ఏ మాట ఎంత తరచుగా వచ్చిందో గీతల్లో చూపించే సైట్ అది. డబ్బులు అక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఎలా వాడాలో కింద చెబుతాను. వీటితో పాటు ఒక నోట్‌బుక్.

1. ముందు రియాక్షన్ ఏంటో తేల్చుకోండి, క్రియ సంగతి తర్వాత

అన్నింటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. ‘మంత్రి మాటలు జనానికి కోపం తెప్పించాయి’ అని రాయాలనుకోండి. మన బుర్ర వెంటనే ‘తెప్పించు’కి ఇంగ్లిష్ వెతుకుతుంది. ‘బ్రాట్ యాంగర్ టు ద పీపుల్’ లాంటి వాక్యాలు పుట్టేది అక్కడే. అలా కాకుండా వెనక నుంచి రండి. జనంలో పుట్టింది ఏంటి? కోపం. ఎంత కోపం? మామూలుదైతే యాంగర్, అన్యాయం జరిగిందన్న మంట కూడా ఉంటే ఔట్‌రేజ్, పట్టరానిదైతే ఫ్యూరీ. ఆ మాట ఖాయం చేసుకున్నాక డిక్షనరీలో ఆ మాటే తెరిచి, దాని ముందు ఏ క్రియలు వస్తున్నాయో చూడండి. మూడింటికీ ప్రొవోక్ సరిపోతుంది. ‘ద మినిస్టర్స్ రిమార్క్స్ ప్రొవోక్డ్ ఔట్‌రేజ్.’ అంతే, వాక్యం అయిపోయింది.

హెచ్చరిక: క్రియ పేజీ తెరిచి, దాని కింద ఉన్న పర్యాయపదాల్లోంచి నచ్చింది తీసుకోకండి. అక్కడ పక్కపక్కన కనిపించేవి వాక్యంలో ఒకదాని చోట ఇంకొకటి కూర్చోవు.

2. రియాక్షన్‌కి తగ్గ క్రియ పట్టుకోండి

ప్రొవోక్ ఎక్కువగా కనిపించేది ఎదురుతిరుగుడు ఉన్నచోట. ఎవరో ఏదో అన్నారు లేదా చేశారు, అవతలివాళ్లు ఊరుకోలేదు. యాంగర్, ఔట్‌రేజ్, క్రిటిసిజమ్, ప్రొటెస్ట్స్, కాంట్రవర్సీ, హాస్టిలిటీ, ఔట్‌క్రై, బ్యాక్‌లాష్, ఇవన్నీ దాని పక్కన హాయిగా ఇమిడిపోతాయి. 1919 రౌలట్ చట్టం, 1928లో వచ్చిన సైమన్ కమిషన్ గురించి రాసేటప్పుడు ‘ప్రొవోక్డ్ ప్రొటెస్ట్స్’ అచ్చంగా సరిపోతుంది. సర్కారు ఒక పని చేసింది, దేశం భగ్గుమంది.

అలాగని ‘ప్రొవోక్ అంటే చెడు’ అని గట్టిగా రాసేసుకోకండి. డిబేట్, డిస్కషన్, థాట్ కూడా దీనికి పాత చుట్టాలే. ఒక వ్యాసాన్ని ‘థాట్-ప్రొవోకింగ్’ అన్నారంటే మెచ్చుకున్నట్టు. ‘ప్రొవోక్ లాఫ్టర్’ కూడా మామూలే. ఉత్త ‘రియాక్షన్’, ‘రెస్పాన్స్’ అనే మాటలతోనూ వస్తుంది, అప్పుడు ఆ రియాక్షన్ కాస్త గట్టిదే అన్న ధ్వని ఉంటుంది.

జ్ఞాపకాలు, పాత రోజుల మీద బెంగ, ఒక చోటు తాలూకు వాతావరణం, ఇవన్నీ ఎవోక్ సొత్తు. ‘ఎవోక్ మెమరీస్’, ‘ఎవోక్ నొస్టాల్జియా’. ఇక్కడ ప్రొవోక్ పెడితే జ్ఞాపకాలతో తగువు పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఆసక్తి, కుతూహలం, అనుమానం అయితే అరౌజ్. ‘అరౌజ్ సస్పిషన్’ బాగా స్థిరపడిన జత. ‘ప్రొవోక్ ఇంట్రెస్ట్’ అనేవాళ్లు లేకపోలేదు గానీ ‘అరౌజ్ ఇంట్రెస్ట్’, ‘స్పార్క్ ఇంట్రెస్ట్’ చాలా ఎక్కువగా వినిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: అరౌజ్ తర్వాత మనిషిని నేరుగా పెట్టకండి. ‘ద ప్రెజెంటేషన్ అరౌజ్డ్ ద క్లయింట్’ అని మెయిల్ పెడితే దానికి లైంగికమైన అర్థం వస్తుంది. ‘అరౌజ్డ్ ద క్లయింట్స్ ఇంట్రెస్ట్’ అంటే ఏ ఇబ్బందీ లేదు.

ఎవరి దగ్గర్నుంచో సమాధానమో సమాచారమో రాబడితే ఎలిసిట్. ఇంటర్వ్యూలు, సర్వేలు, క్లాస్‌రూమ్ గురించి రాసేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. దీన్ని ఇంచుమించు ఇలాగే పలికే ‘ఇల్లిసిట్’తో కలిపేయకండి, దానర్థం చట్టవిరుద్ధం. మనకి కావలసిన దానికి మొదటి అక్షరం ఇ, అంటే ఎలిఫెంట్‌లో ఉండే ఇ, ఎల్ ఒక్కటే. రెండోదానికి ఐతో మొదలు, ఎల్ రెండు.

మీట నొక్కితే మొదలైనట్టు జరిగేవి ట్రిగర్ కిందకి వస్తాయి. అలారం, మైగ్రేన్, ఆస్తమా అటాక్, కొండచరియలు. 2004 డిసెంబర్ 26న సముద్రం అడుగున భూకంపం వచ్చింది, సునామీ పుట్టింది, మన కోస్తా దాకా తాకింది. ‘ది ఎర్త్‌క్వేక్ ట్రిగర్డ్ ఎ సునామీ’ అనాలి. ప్రొవోక్ అంటే కుదరదు, సముద్రాన్ని ఎవరూ మాటలని రెచ్చగొట్టలేదు కదా.

మిగతావి గబగబా: సందేహాలు, ప్రశ్నలు, ఆశలు అయితే రెయిజ్. మెప్పు, చప్పట్లు, విమర్శ అయితే డ్రా. నమ్మకం, భక్తిభావం అయితే ఇన్‌స్పైర్. హింసకి, ద్వేషానికి కావాలని ఎగదోస్తే ఇన్‌సైట్ (సి అక్షరంతో రాసేది, లోతైన అవగాహన అనే అర్థమున్న ఇన్‌సైట్ కాదు). విచారణ వేయించింది, సమీక్షకి కారణమైంది అనాలంటే ప్రాంప్ట్. డాక్టర్లు పురిటి నొప్పులు రప్పించినా, మందు నిద్ర రప్పించినా ఇండ్యూస్.

3. ‘ఎ’ పెట్టాలా వద్దా చూసుకోండి

జత సరిగ్గా పట్టుకుని ఇక్కడ జారిపోయేవాళ్లు బోలెడు. ఔట్‌రేజ్, యాంగర్, క్రిటిసిజమ్‌కి ముందు ఏమీ రాదు: ‘ప్రొవోక్ క్రిటిసిజమ్’. రియాక్షన్, బ్యాక్‌లాష్‌కి ‘ఎ’ కావాలి, ఔట్‌క్రైకి ‘యాన్’ కావాలి. ప్రొటెస్ట్ సాధారణంగా బహువచనంలో వస్తుంది. డిబేట్‌కి రెండూ నడుస్తాయి. నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడే ‘ప్రొవోక్ యాన్ ఔట్‌క్రై’ అని ముక్క మొత్తం రాసుకోండి. ‘ప్రొవోక్ ప్లస్ ఔట్‌క్రై’ అని విడగొట్టి రాసుకుంటే పరీక్షలో ఆ చిన్న మాట గుర్తుకే రాదు.

4. ఎవరిలో? ఎవరిని?

‘ప్రజల్లో’ అన్నదాన్ని మనవాళ్లు ‘ఆన్ ద పీపుల్’ అనేస్తారు. గుంపులో అయితే అమాంగ్: ‘ప్రొవోక్డ్ యాంగర్ అమాంగ్ ఫార్మర్స్’. ఫలానా వాళ్ల నుంచి వచ్చిన స్పందన అయితే ఫ్రమ్: ‘ప్రొవోక్డ్ ఎ షార్ప్ రెస్పాన్స్ ఫ్రమ్ ద యూనియన్’.

మనిషిని రెచ్చగొట్టి ఏదైనా చేయించారనుకోండి, అప్పుడు ‘ఇంటు’ పెట్టి ఐఎన్‌జీ రూపం వాడాలి: ‘దే ప్రొవోక్డ్ హిమ్ ఇంటు హిట్టింగ్ బ్యాక్’. ‘టు’ పెట్టి మామూలు క్రియ కూడా రాయొచ్చు. ‘ఫర్’ మాత్రం ఎప్పుడూ రాదు. ‘ప్రొవోక్డ్ హిమ్ ఫర్ ఫైటింగ్’ అన్నది ‘కొట్లాట కోసం రెచ్చగొట్టాడు’ అనే మన వాక్యం నీడ.

5. విశేషణం కూడా జత చూసే పెట్టండి

రియాక్షన్ ముందు యాంగ్రీ, స్ట్రాంగ్, ఫ్యూరియస్ వస్తాయి. డిబేట్ హీటెడ్ అవుతుంది, ఫియర్స్ అవుతుంది. ‘హెవీ డిబేట్’ అనరు. హెవీ మనకి చాలా ఇష్టమైన మాట, ట్రాఫిక్‌కీ వానకీ పెట్టుకోండి, చర్చకి వద్దు. క్రిటిసిజమ్‌కి వైడ్‌స్ప్రెడ్, ఔట్‌క్రైకి పబ్లిక్ బాగా కుదురుతాయి. కావాలని చేశారని చెప్పాలంటే ‘డెలిబరేట్లీ ప్రొవోక్’.

6. ఆ కుటుంబం మాటలు కూడా నేర్చుకోండి

ప్రొవోక్‌లో ఉన్న కె అక్షరం నామవాచకంలోకి, విశేషణంలోకి వచ్చేసరికి సి అయిపోతుంది: ప్రొవొకేషన్, ప్రొవొకటివ్. స్పెల్లింగ్ తప్పులు ఎక్కువగా పడేది ఇక్కడే. పలకడంలో చివరిదాని సంగతి చూసుకోండి, ఒత్తు రెండో అక్షరం మీద పడుతుంది, ‘ప్ర-వాక్-అటివ్’ అన్నట్టు. మనం అలవాటుగా ‘కే’ సాగదీస్తాం, స్పీకింగ్ టెస్ట్‌లో అది తెలిసిపోతుంది. ఏ కారణం లేకుండా చేసిన దాడి ‘అన్‌ప్రొవోక్డ్ అటాక్’.

లా చదివేవాళ్లకి, పేపర్ బాగా చదివేవాళ్లకి ‘గ్రేవ్ అండ్ సడెన్ ప్రొవొకేషన్’ తెలిసే ఉంటుంది. పాత ఐపీసీ 300వ సెక్షన్‌లో, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లో హత్య నేరానికి ఉన్న మినహాయింపు అది. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో ఈ వాదనే నడిచింది, 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఈ ముక్కని మాట మార్చకుండా, వరస మార్చకుండా గుర్తుపెట్టుకోండి. ‘బిగ్ అండ్ ఫాస్ట్ ప్రొవొకేషన్’ అంటే చట్టంలో ఉన్న మాట కాకుండా పోతుంది.

ఒక పేరా దగ్గరగా చూద్దాం

గ్రూప్‌-1కి రాసేవాళ్లు ఇలాంటి వాక్యాలు రాస్తుంటారు: ‘ద డెత్ ఆఫ్ పొట్టి శ్రీరాములు ప్రొవోక్డ్ హెవీ శాడ్‌నెస్ ఆన్ ద పీపుల్ అండ్ బిగ్ ప్రొటెస్ట్స్ కేమ్. ఇట్ ప్రొవోక్డ్ ద గవర్నమెంట్ ఫర్ అనౌన్సింగ్ ఆంధ్ర స్టేట్.’

విషయం అంతా ఉంది. 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15 రాత్రి ఆయన కన్నుమూశారు, నాలుగు రోజులకి ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. కానీ వాక్యంలో జతలు ఒక్కటీ కుదరలేదు. దుఃఖం ప్రొవోక్‌తో రాదు, ‘హెవీ’తోనూ రాదు. ‘ఆన్ ద పీపుల్’ సంగతి పైన చెప్పాను. ‘ప్రొటెస్ట్స్ కేమ్’ మన ‘ఆందోళనలు వచ్చాయి’. చివర్లో ‘ఫర్’.

ఇప్పుడు నామవాచకాల నుంచి వెనక్కి రండి. ఆందోళనలు: వైడ్‌స్ప్రెడ్ ప్రొటెస్ట్స్. వాటికి ముందు ఏది? మరణం కావాలని ఎవరినీ రెచ్చగొట్టదు, అది జరగగానే జనం రోడ్ల మీదకి వచ్చారు, కాబట్టి ట్రిగర్ నా మొదటి ఛాయిస్. స్పార్క్ కూడా బాగుంటుంది, కాస్త పేపర్ హెడ్డింగ్‌లా ఉంటుంది. ప్రొవోక్ పెట్టినా తప్పు కాదు. ప్రభుత్వం దిగొచ్చింది అనడానికి ప్రాంప్ట్ మెత్తగా ఉంటుంది, ఫోర్స్ గట్టిగా ఉంటుంది. జరిగింది చూస్తే ఫోర్స్ న్యాయం అనిపిస్తుంది. ‘హిజ్ డెత్ ట్రిగర్డ్ వైడ్‌స్ప్రెడ్ ప్రొటెస్ట్స్ అండ్ ఫోర్స్‌డ్ ద గవర్నమెంట్ టు అనౌన్స్ ది ఆంధ్ర స్టేట్.’ మాటలు తగ్గాయి, బలం పెరిగింది. దుఃఖం గురించి చెప్పాలనుకుంటే విడిగా ఇంకో వాక్యం రాయండి, అది ఆ మహానుభావుడికి దక్కాల్సిన వాక్యమే.

ఎక్కువమంది చేసే తప్పులు

‘మై టీచర్ ప్రొవోక్డ్ మి టు స్టడీ వెల్.’ ప్రోత్సహించడానికీ రెచ్చగొట్టడానికీ మధ్య ఉన్న దూరం ఇది. ఎంకరేజ్డ్ అనండి, ఇంకా గొప్పగా చెప్పాలంటే ఇన్‌స్పైర్డ్ అనండి. యూనివర్సిటీ సీటు కోసం రాసే ఎస్ఓపీల్లో, ఉద్యోగం అప్లికేషన్లలో ఈ తప్పు దొర్లితే చదివేవాళ్లకి మీ టీచర్ మీద గౌరవం బదులు అనుమానం వస్తుంది.

‘గుడ్ రెస్పాన్స్ కేమ్.’ మనకి రెస్పాన్స్ ‘వస్తుంది’. ఇంగ్లిష్‌లో ఆ పోస్టో, వీడియోనో కర్త అవుతుంది: ‘ద పోస్ట్ గాట్ ఎ గుడ్ రెస్పాన్స్’, లేదా డ్రూ. అలాగే ‘హి గేవ్ ఎ రియాక్షన్’ బదులు నేరుగా ‘హి రియాక్టెడ్’.

అన్నిచోట్లా క్రియేట్. ‘క్రియేటెడ్ డౌట్ ఇన్ మి’, ‘క్రియేటెడ్ యాంగర్ ఇన్ హిమ్’. సందేహానికి రెయిజ్ ఉంది, కోపానికి ప్రొవోక్ ఉంది, లేదా ‘మేడ్ హిమ్ యాంగ్రీ’ అని మామూలుగా అనేయండి, అది ఎక్కడైనా చెల్లుతుంది. ‘క్రియేట్ ఎ సెన్సేషన్’ మాత్రం సరైనదే, భయపడకుండా వాడండి.

మంచి విషయాలకి కాజ్. డ్యామేజ్, డిలే, ప్రాబ్లమ్, డెత్, ఇలాంటి వాటితో తిరిగే క్రియ అది. ‘యువర్ విజిట్ కాజ్డ్ హ్యాపీనెస్’ అంటే వచ్చినవాళ్లు నొచ్చుకుంటారు. ‘బ్రాట్ అజ్ జాయ్’ బాగుంటుంది.

ఒకే పేరాలో ఒకే క్రియ మూడుసార్లు. కొత్తగా నేర్చుకున్న ఊపులో ఇది జరుగుతుంది. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో నాలుగో వంతు మార్కులు పదసంపదకే, బ్యాండ్ 7 దగ్గర కొలొకేషన్ మీద అవగాహన కావాలని, ఏ బ్యాండ్‌కి ఏం ఉండాలో చెప్పే వాళ్ల డిస్క్రిప్టర్‌లోనే ఉంది. కాబట్టి పేరాకి ఒక ప్రొవోక్ చాలు.

సరిగ్గా రాశారో లేదో చూసుకోవడం

మొదటి పరీక్షకి ఇంటర్నెట్ అక్కర్లేదు. ప్రొవోక్ ఉన్నచోట తెలుగులో ‘రెచ్చగొట్టింది’ పెట్టి చదవండి. ‘ఉల్లి పకోడీ వాసన చిన్ననాటి జ్ఞాపకాలని రెచ్చగొట్టింది’ అని వస్తే మీ చెవే చెబుతుంది, మార్చండి. చర్చ, ఆలోచన, నవ్వు, ఈ మూడింటికీ ఈ పరీక్ష పనిచేయదు, పైన చెప్పినట్టు అవి విడిగా గుర్తుపెట్టుకోవాల్సినవి.

రెండోది ఎన్‌గ్రామ్. ఇంగ్లిష్‌లో ‘ప్రొవోక్ మెమరీస్’, కామా, ‘ఎవోక్ మెమరీస్’ అని టైప్ చేయండి. రెండు గీతలు వస్తాయి, ఏది పైన ఉందో చూడండి. ఎవోక్ గీత ఎక్కడో పైన ఉంటుంది. ఏ మాట పెట్టాలో అసలు తోచకపోతే ప్రొవోక్ రాసి, స్పేస్ ఇచ్చి, స్టార్ గుర్తు పెట్టండి, దాని తర్వాత ఎక్కువగా వచ్చే పది మాటలు చూపిస్తుంది. వాటిలో ‘ద’, ‘ఎ’ లాంటివే నిండిపోతే స్టార్ పక్కనే అండర్‌స్కోర్ పెట్టి, క్యాపిటల్ అక్షరాల్లో నౌన్ అని చేర్చండి, నామవాచకాలు మాత్రమే వస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది పుస్తకాల్లోంచి లెక్కపెట్టేది. పేపర్ భాషలో, రోజువారీ మాటల్లో ఏది ఎక్కువో దీంట్లో అంత బాగా తెలియదు. దానికి కోకా అనే అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్ (జనం నిజంగా రాసినవీ మాట్లాడినవీ పోగేసిన భండారం) ఉంది, వంద కోట్ల పైచిలుకు మాటలున్నాయి, రిజిస్టర్ చేసుకుంటే చాలు.

గూగుల్ సెర్చ్‌లో కోట్స్ మధ్య పెట్టి వెతకడం కూడా పనికొస్తుంది, కానీ ఎన్ని లక్షల రిజల్ట్స్ అన్న అంకెని నమ్మకండి. మొదటి పేజీలో ఎవరు రాశారో చూడండి. ఏఐ చాట్‌బాట్‌ని అడిగేటట్టయితే ‘ఇది కరెక్టేనా’ అని అడగొద్దు, చాలాసార్లు అవుననే అంటుంది. ‘ఈ నాలుగు క్రియల్లో ఈ నామవాచకంతో ఏది ఎక్కువ వాడతారు, ఉదాహరణలు ఇవ్వు’ అని అడిగి, వచ్చింది డిక్షనరీలో సరిచూసుకోండి.

మూడోది మీ నోట్‌బుక్‌తోనే. వాక్యాలు రాసి క్రియ ఉన్నచోట ఖాళీ వదలండి. నాలుగైదు రోజులు ఆగి నింపండి. వెంటనే నింపితే గుర్తుండి రాస్తారు, అది లెక్కలోకి రాదు. తప్పినవి మాత్రమే ఇంకో పేజీలోకి ఎక్కించుకుని మళ్లీ మొదలుపెట్టండి.

పరీక్ష హాల్లో ఎంతకీ క్రియ తట్టకపోతే ‘లెడ్ టు’ వాడేయండి. ప్రొటెస్ట్స్, క్రిటిసిజమ్, డిబేట్, వయొలెన్స్, కాంట్రవర్సీ, అన్నింటితోనూ నడుస్తుంది, గొప్ప మార్కులు రాకపోయినా ఎర్ర గీత పడదు. జ్ఞాపకాలకి, ఆసక్తికి మాత్రం అది కుదరదు, అక్కడ జ్ఞాపకాలకి ‘బ్రాట్ బ్యాక్’, ఆసక్తికి ‘మేడ్ దెమ్ ఇంట్రెస్టెడ్’ రాసి ముందుకెళ్లండి.